వీసా బాబాయి

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక వీసా బాబాయి ఉంటాడు. అమెరికా కాన్సులేటులో ఆయన ఇంతవరకూ చూసింది బయటి గేటు, అదీ మరదల్ని దింపడానికి వెళ్ళినప్పుడు. అయినా ఎవరింట్లో గ్రీన్‌కార్డు మాట వినపడ్డా పిలవకుండానే వచ్చి సోఫాలో కూర్చుంటాడు.

మొన్న మా పై ఫ్లాటు పిన్నిగారి వంతు వచ్చింది. అమెరికా పౌరుడైన కొడుకు పిటిషన్ వేశాడు. ముంబయిలో ఇంటర్వ్యూ. చిక్కల్లా ఒక్కటే. అప్పట్లో కోడలి పురిటికని టూరిస్టు వీసా మీద న్యూజెర్సీ వెళ్ళిన ఆవిడ, ఊరికే కూర్చోలేక, చివరి రెండు నెలలూ ఎడిసన్‌లో నాలుగిళ్ళకి జంతికలూ అరిసెలూ చేసిపెట్టి డాలర్లు పుచ్చుకున్నారు.

బాబాయి గొంతు తగ్గించాడు. "వదినగారూ, జంతికల మాటెత్తారో కేసు గోవిందా. నిజాలన్నీ చిలుకూరు బాలాజీకి చెప్పుకోండి. ముంబయిలో మాత్రం అసలు వంటే రాదనండి. ఇంట్లో కాఫీ కూడా మీ కోడలే పెట్టేదనండి."

"ఆ మాటంటే అసలు నమ్మరు అన్నయ్యగారూ!"

ఈ జ్ఞానం ఆయనకి డాలస్‌లో ఉన్న దూరపు చుట్టం వల్ల అబ్బింది. అక్కడే ఉండి గ్రీన్‌కార్డుకి మారబోతే అనుమతిలేని పని అడ్డొచ్చిందట. అక్కడ అది అడ్డే. పౌరుల తల్లిదండ్రులకీ, భార్యాభర్తలకీ, 21 నిండని పెళ్ళికాని పిల్లలకీ మాత్రం మినహాయింపుంది. ముంబయి కిటికీ దగ్గర లెక్కే వేరు. ఎప్పుడో అనుమతి లేకుండా పనిచేశారన్నది ఒక్కటీ చూపించి వీసా ఆపెయ్యడానికి చట్టంలో చోటు లేదు. సంపాదన కోసమే టూరిస్టు వీసా అడిగారన్న అనుమానం వస్తే అది వేరే పేచీ. గడువు దాటి 180 రోజులకు పైగా ఉండిపోయి తిరిగొస్తే మూడేళ్ళు, ఏడాదైతే పదేళ్ళు నిషేధం. పిన్నిగారు గడువులోపలే వచ్చేశారు.

అసలు ముప్పు బాబాయి నేర్పిన అబద్ధంలోనే ఉంది. కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసి కీలకమైన విషయంలో బొంకారని తేలితే జన్మంతా నిషేధం. మాఫీ అడగాలన్నా పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయిన మొగుడుండాలి, లేదా కన్నవాళ్ళుండాలి. పిటిషన్ వేసిన కొడుకు ఆ లెక్కలోకి రాడు. అరవై దాటిన ఆవిడ అమెరికాలో అమ్మానాన్నల్ని ఎక్కణ్ణించి పుట్టిస్తుంది?

పిన్నిగారు కొడుకు పెట్టిన లాయరు మాట విని డీఎస్-260 ఫారంలో ఉన్నదున్నట్టు రాశారు. ఇంటర్వ్యూలో ఆఫీసరు అడగ్గానే జంతికలతో మొదలుపెట్టి అరిసెల పాకం దాకా వెళ్ళారట. ఆయనే ఇక చాలన్నాడట. వీసా వచ్చింది.

బాబాయి తొణకలేదు. ఇప్పుడు రెండో అంతస్తు మాస్టారికి శిక్షణ నడుస్తోంది. అమెరికాలో మనవరాలి బండి తొయ్యడం తప్ప ఆయన ఏ పనీ ఎరగరు.

"అలా అంటే లాభం లేదు మాస్టారూ. వాళ్ళకి నిజాయితీ కనపడాలి. మీరు కూడా కాసిని జంతికలు అమ్మానని చెప్పెయ్యండి."