కోడ్ల ఏదో ఉన్నది తమ్మీ!

హైదరాబాదు చుట్టూ ఏ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టలుకు వెళ్లినా ఒక ప్రాజెక్టన్న ఉంటాడు. చదువు అయిపోయినా ఖాళీ చేయని గది, మంచం కింద అట్టపెట్టె, అందులో చిక్కుపడ్డ జంపర్ వైర్లు. అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. ఫైనలియర్ పిల్లలు జనవరిలో అతన్ని చూసి నవ్వుతారు, ఏప్రిల్‌లో అతని గుమ్మం ముందు చెప్పులు విడుస్తారు.

ప్రాజెక్టు పేరు ఏదైనా అన్న చేతిలో సరుకు ఒకటే: ఒక ఆర్డినో ఊనో బోర్డు, సిమ్ వేస్తే మెసేజ్ పంపే ఒక జీఎస్ఎం మాడ్యూలు. గ్యాస్ సెన్సర్ తగిలిస్తే వంటింటి రక్షణ, బటన్ తగిలిస్తే మహిళా భద్రత, రిలే తగిలిస్తే పొలంలో మోటారు. చివరికి అన్నిట్లోనూ జరగాల్సింది ఎవరికో ఒక మెసేజ్ పోవడం. అది పోదు.

పోకపోవడానికి కారణం తొంభై పాళ్లు కరెంటే. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే సిమ్ 800ఎల్ మాడ్యూలు అంగుళం పలక. దానికి 3.4 నుంచి 4.4 ఓల్టుల మధ్య కావాలి. ఊనో మీద ఉన్నవేమో 5 ఓల్టులూ, 3.3 ఓల్టులూ. మొదటిది ఎక్కువ, రెండోది తక్కువ. పైగా ఆ రెండో పిన్ను ఇచ్చేది 50 మిల్లీఆంపులు. 4 అని రాసిన పిన్ను కూడా ఒకటుంది గానీ అది వరుస సంఖ్య. ఒక జూనియర్ దానికీ కలిపి చూశాడు. అన్న కోప్పడలేదు. "ఆలోచన మంచిగనే ఉన్నది" అన్నాడు.

ఇక ఆంపుల సంగతి. మాడ్యూలు ఊరికే ఉన్నంతసేపు ఏమీ అడగదు. టవర్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం, ఒక్కోసారి 577 మైక్రోసెకన్లపాటు, రెండు ఆంపుల దాకా లాగుతుంది. కాఫీ కూడా వద్దని మొహమాటపడి, బంతిలో కూర్చున్నాక బూరెల గంప తన విస్తట్లోనే వంపమనే మగపెళ్లివారి పెద్దాయన బాపతు. ఆ క్షణాన సన్నటి జంపర్ వైరూ, వదులైన బ్రెడ్‌బోర్డు రంధ్రమూ చేతులెత్తేస్తాయి. ఓల్టేజీ కుంగుతుంది, మాడ్యూలు ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. దాని మీది లైటు సెకనుకోసారి మిణుకుతుంటే నెట్‌వర్కు వెతుకుతున్నట్టు, మూడు సెకన్లకోసారైతే దొరికినట్టు. అన్న గదిలో అది మూడుకు చేరడమూ, ఎవరో "వచ్చింది!" అని అరవడమూ, మళ్లీ ఒకటికి పడడమూ ఒక్కసారే జరుగుతాయి.

"కోడ్ల ఏదో ఉన్నది తమ్మీ" అంటాడు అన్న.

కోడ్ అంటే అతనికి భక్తి, తీగ అంటే చిన్నచూపు. ఇది అతని ఒక్కడి జబ్బు కాదు, మన బీటెక్ మొత్తానిదీ. డిలే వెయ్యి ఉంటే అయిదు వేలు చేస్తాడు. బాడ్ రేటు 9600 తీసి 115200 పెడతాడు, మళ్లీ 9600 పెడతాడు. ఒకనాడు సీరియల్ మానిటర్‌లో మాడ్యూలే నోరు తెరిచి 'అండర్ ఓల్టేజ్ వార్నింగ్' అని మొరపెట్టుకుంది. అందులో వార్నింగ్ అన్న మాటకు ఒక 'ఎన్' ఎక్కువ పడి ఉంటుంది, కంపెనీ వాళ్లు అట్లాగే రాశారు. అన్న అదే పట్టుకున్నాడు: "స్పెల్లింగే రాదు, దీనికి ఓల్టేజ్ ఏం తెలుస్తది?"

న్యాయంగా చెప్పాలంటే అతనికి నిజంగా తెలిసిన విషయం ఒకటుంది. ఆ మాడ్యూలుకు 2జీ తప్ప రాదు, జియోకు 2జీ లేదు. అందుకని ఎయిర్‌టెల్ సిమ్ ఉన్న పిల్లవాడికి ఆ గదిలో కుర్చీ వేస్తారు, ఫోన్లోంచి సిమ్ ఊడదీస్తారు. రాత్రి తొమ్మిదికి వాడి అమ్మ ఫోన్ చేస్తే లాప్‌టాప్ తెర మీద 'రింగ్, రింగ్' అని అక్షరాలు పడుతుంటాయి. వాడు చేతులు కట్టుకుని చూస్తుంటాడు.

ల్యాబ్ అసిస్టెంటు ఒకాయన, పూర్వం మోటార్ వైండింగ్ చేసినవాడు, ఒకసారి తొంగి చూసి "బ్యాటరీ వేరే పెట్టుండ్రి సార్, పక్కన పెద్ద కెపాసిటర్ ఒకటి" అన్నాడు. అన్న మల్టీమీటర్ పెట్టి చూపించాడు: 5 నుంచి దించి ఇస్తున్నవి 4.1 ఓల్టులు, నిక్షేపంగా. మల్టీమీటర్ సగటు చూపే సాధనం, మైక్రోసెకన్లలో జరిగిన దొంగతనం దానికి కనబడదు. అయినా ఒక జూనియర్ రహస్యంగా 18650 సెల్ తెచ్చి కలిపాడు. లైటు మూడు సెకన్ల తాళం తప్పలేదు. కానీ ఊనో నుంచి ఏటీ అని పలకరింపు పంపితే మాడ్యూలు ఓకే అనలేదు. బ్యాటరీ గ్రౌండునూ ఆర్డినో గ్రౌండునూ ఒకటి చేయడం పిల్లవాడు మరిచాడు. అన్న ముఖం వెలిగిపోయింది. "సిగ్నల్ ఉన్నది, మాట లేదు. అంటే ఏంది? కోడే!" సెల్ పోయి ఒకడి పవర్ బ్యాంకులో చేరింది.

కోడ్ కూడా కాదని తేలిన రోజున మిగిలింది టవర్. అందరూ లాప్‌టాప్‌తో హాస్టల్ మేడెక్కారు. అక్కడ మెసేజ్ పోయింది! టవర్ బాగా అందేచోట మాడ్యూలు గొంతు తగ్గించి మాట్లాడుతుంది, కరెంటు తక్కువ లాగుతుంది, ఓల్టేజీ కుంగదు. జరిగింది అదీ. అన్నకు మాత్రం తన సిద్ధాంతం రుజువైంది. తప్పు కారణానికి ఒప్పు ఫలితం వచ్చినవాణ్ణి ఇక ఏ అసిస్టెంటూ మార్చలేడు.

వైవా గ్రౌండ్ ఫ్లోర్ సెమినార్ హాల్లో పెట్టారు. లైటు సెకనుకోసారి మిణుకుతూనే ఉంది. "సార్, ఒక్కసారి పైకొస్తే..." అన్నాడు బ్యాచ్ లీడర్. మే నెల, మూడంతస్తులు, లిఫ్టు లేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కిటికీలోంచి ఎండ వైపు చూశాడు, తర్వాత రిపోర్టు తిరగేశాడు. అన్న స్వయంగా రాసిచ్చిన 'ఫ్యూచర్ స్కోప్' పేజీ దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకుని పైకే చదివాడు:

"ఈ పరికరాన్ని భవిష్యత్తులో నేరుగా ఉపగ్రహానికి కలపవచ్చును. కోడ్‌లో స్వల్ప మార్పు చాలు."