పిల్లగుర్రపు పద్యానికి టీకా తాత్పర్యం

పిల్లగుర్ర మొకటి బేరాన చిక్కెనా
చవక యనుచు నేల సంబరమ్ము
నేర్పవలసినపుడు నేర్చువా డెవ్వడో
తెలిసి కొన్నవాడె తెలివిపరుడు

ప్రతిపదార్థం: పిల్లగుర్రము ఒకటి = పాలు మరిచి, జీను ఇంకా ఎరగని గుర్రం; బేరాన చిక్కెనా = సంతలో ధర కుదిరిందా; చవక అనుచున్ = దాణా, లాడాలు, వైద్యం, పనివాడి జీతం లెక్కకు రాకముందు పలికిన అంకెను నమ్మి; ఏల సంబరము = ఎందుకా మిఠాయిలు; నేర్పవలసిన అపుడు = కళ్ళెం వేసే రోజు వచ్చినప్పుడు; నేర్చువాడు ఎవ్వడో = శిష్యుడెవరో; తెలిసి కొన్నవాడె = ముందే ఎరిగి సొమ్ము చెల్లించినవాడే; తెలివిపరుడు = స్పష్టము.

టీక: దత్తజయంతి వేళ తపతీ తీరాన సారంగఖేడాలో గుర్రాల సంత జరుగుతుంది. స్వారీలో ఇంకా అక్షరాభ్యాసం దాటని ఒకానొక ధనికుడు అక్కడ ఏడాదిన్నర వయసున్న మార్వాడీ జాతి గుర్రపు పిల్లను చూసి, లోపలికి వంగి కొసలు కలుసుకునే దాని చెవులకు ముగ్ధుడై, జేబు తడుముకుంటున్న సందర్భంలో కవి ఈ పద్యం చెప్పాడని ఊహించాలి. ముందుగా ‘చవక’ సంగతి. ఏడాదిన్నర పిల్ల మీద ఎక్కరాదు. గుర్రం ఎముకల్లో పెరుగుదలకు చోటిచ్చే మెత్తని పొరలు గిట్టల దగ్గర ముందుగా గట్టిపడతాయి, వెన్నులో అన్నిటికన్నా ఆలస్యంగా. వెన్ను పూర్తిగా కుదురుకునేసరికి దానికి అయిదారేళ్ళు వస్తాయి. తొందరపడని శిక్షకులు మూడో ఏటో నాలుగో ఏటో తేలికగా జీను అలవాటు చేస్తారు. అందాకా అది తినకుండా ఉండదు. గుర్రానికి రోజూ తన బరువులో నూటికి రెండు వంతుల ఎండుమేత కావాలి, అంటే 400 కిలోల గుర్రానికి 8 కిలోలు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. కనుక సంతలో తగ్గిన ధర నిజంగా తగ్గలేదు, కొట్టంలో వాయిదాల మీద చెల్లించవలసి ఉంది. పందెపు గుర్రాలు రెండో ఏటే పరుగెత్తుతున్నాయి కదా అంటే, వాటి వెనక శిక్షకుడు, జాకీ, పశువైద్యుడు ఉన్నారు. మన ధనికుడి వెనక ఉత్సాహం ఒక్కటే ఉంది.

ఇక పద్యానికి ప్రాణం మూడో పాదం. నేర్చువాడు గుర్రమా, యజమానా? రెండూ అనే కవి హృదయం, చిక్కంతా అక్కడే. గుర్రానికి పాఠం చెప్పే పద్ధతి చూడండి. పగ్గం లాగితే ఒత్తిడి కలుగుతుంది. అది కోరిన వైపు ఒక్క అడుగు వెయ్యగానే పగ్గం వదలాలి. వదిలిన ఆ క్షణంలో తాను చేస్తున్న పనే సరైనదని గుర్రం గ్రహిస్తుంది. చెయ్యి తిరగని వాడు అది తల విదిల్చినప్పుడు భయపడి వదులుతాడు, దానితో తల విదిలిస్తే విడుదల దొరుకుతుందని అది నేర్చుకుంటుంది. అంటే నేర్పడం రానివాడి దగ్గర గుర్రం నేర్చుకోకుండా పోదు, నేర్చుకోకూడనివన్నీ శ్రద్ధగా నేర్చుకుంటుంది. దీనికి ప్రమాణం బెర్లిన్‌లోని హాన్స్ అనే గుర్రం. కూడికలు, తీసివేతలు అడిగితే గిట్టతో నేలను తట్టి జవాబు చెబుతుందని దానికి పెద్ద పేరు. మనస్తత్వవేత్త ఆస్కర్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి 1907లో తేల్చిందేమిటంటే, జవాబు దగ్గరపడగానే అడిగేవారి తల తమకు తెలియకుండానే కాస్త కదిలేది, అది చూసి హాన్స్ తట్టడం ఆపేది. అడిగేవారికే జవాబు తెలియనప్పుడు హాన్స్‌కూ తెలిసేది కాదు. గురువు ఒంట్లో ఉన్నదే శిష్యుడికి వస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ పూర్వపక్షం: “చిన్ననాటినుంచి నా చేతిమీద పెరిగితే నా మాటే వింటుంది.” ఇది కుదరదు. తోటి గుర్రాల నడుమ కాక మనుషుల ముద్దుల్లోనే పెరిగిన పిల్లకు మనిషంటే జంకు పోతుంది, మర్యాద మాత్రం అబ్బదు. పిల్లగా ఉండగా నవ్వు తెప్పించిన తోపులాట 400 కిలోలయ్యాక ఆసుపత్రి ఖర్చు తెప్పిస్తుంది. మరో పూర్వపక్షం: “పెద్ద గుర్రం ఖరీదెక్కువ, పైగా దాని పాత దురలవాట్లు అమ్మేవాడు దాస్తాడు.” నిజమే, దాస్తాడు. అయినా దాచినది బయటపడడానికి దారి ఉంది. తెలిసినవాణ్ణి ఎక్కించి నడిపించవచ్చు, పళ్ళు చూసి వయసు పోల్చవచ్చు, పశువైద్యుడితో కాళ్ళు చూపించి, గ్లాండర్స్ అనే అంటురోగానికి రక్తపరీక్ష చేయించవచ్చు. పిల్లగుర్రపు దురలవాట్లను ఏ వైద్యుడూ కనిపెట్టలేడు. అవి ఇంకా పుట్టలేదు, కొన్నవాడి చేతిలో పుట్టబోతున్నాయి.

“అయితే శాస్త్రాలు గుర్రం లక్షణాలే చెప్పాయి కాని కొనేవాడి లక్షణాలు చెప్పలేదే” అని పండితులు ఆక్షేపించవచ్చు. పాత అశ్వశాస్త్రాలు సుళ్ళకు సైతం శుభాశుభాలు నిర్ణయించాయి, మనుమంచిభట్టు అనే కవి ఆ శాస్త్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కాని నలోపాఖ్యానం చూడండి. విదర్భకు ఒక్క రోజులో చేరాలని ఋతుపర్ణ మహారాజు తొందరపడుతుంటే, మారువేషంలో అతని సారథిగా ఉన్న నలుడు, అంటే బాహుకుడు, బక్కచిక్కిన గుర్రాలను ఎంచాడు, రాజు చిరాకుపడ్డాడు, ఆ బక్కవే గాలిలా పోయాయి. ఎంచినవాడే తోలినవాడు కావడం, వాడికి అశ్వహృదయమనే విద్య తెలిసి ఉండడం అక్కడి రహస్యం. మరొకడు అవే గుర్రాలను ఎంచి ఉంటే బక్కగుర్రాలే మిగిలేవి. “అందరూ నేర్చినవాళ్ళే కొనాలంటే కొత్తవాడు నేర్చేదెప్పుడు?” అన్నది చివరి ఆక్షేపణ, గట్టిది కూడా. దీనికి క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు సేనాని జెనోఫోన్ సమాధానం చెప్పాడు. పిల్లగుర్రాన్ని శిక్షకుడికి అప్పగించు, ఏమేం నేర్పి తిరిగివ్వాలో ముందే రాయించుకో అన్నాడు. కొత్తవాడు ముసలి గుర్రం దగ్గర నేర్చుకోవాలి, పిల్లగుర్రం పాత శిక్షకుడి దగ్గర నేర్చుకోవాలి. జంటలో ఒకరికైనా పాఠం ముందే వచ్చి ఉండాలన్నదే నియమం.

తాత్పర్యం: పిల్ల మంచిదా కాదా అన్నది రెండో ప్రశ్న. దానికి పాఠం చెప్పే మనిషి ఇప్పుడే, పేరుతో సహా, సిద్ధంగా ఉన్నాడా అన్నది మొదటిది. ఉంటే కొనవచ్చు, ఆ మనిషి జీతాన్ని గుర్రం ధరలోనే కలిపి చూసుకోవాలి. లేకపోతే ఆ డబ్బుకు మరికొంత చేర్చి, పదేళ్ళు దాటినా సరే, నడక నేర్చిన నెమ్మది గుర్రాన్ని తెచ్చుకోవాలి. గుర్రాలు పాతికేళ్ళు బతుకుతాయి గనుక అందులో నష్టం లేదు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని బేరానికి ముందు చదివినవారికి ధనమూ నడుమూ దక్కును. బేరమయ్యాక చదివినవారికి పుణ్యము మాత్రమే.