ఐదు వందల లింకులకు టీకా తాత్పర్యం

మూలం

తూర్పు వాగు, దక్షిణం డొంక, పడమర పెద్దగట్టు, ఉత్తరం సర్కారు బాట. ఈ నాలుగు హద్దుల నడుమ ఉత్తర దక్షిణపు గట్లు 500 లింకులు, తూర్పు పడమటి గట్లు 200 లింకులు, వెరసి య. 1.00 సెంట్లు.

అవతారిక

ఈ కృతికర్త దస్తావేజు లేఖరి. బిరుదుల్లేవు, అంకితం లేదు. మంగళాచరణం ఉండాల్సిన చోట స్టాంపు కాగితం ఉంది. కృతి పేరు షెడ్యూలు. నాయకుడు ఒక ఎకరం మెట్ట. ప్రధాన రసం మొదట శాంతమే. రోవర్ అనే కొలత పరికరం పట్టుకొచ్చిన సర్వేయరు అదే గట్టును మీటర్లలో చదివి వినిపించినప్పుడు అద్భుతం, పక్క పొలం ఆసామి కూడా విన్నప్పుడు రౌద్రం.

ప్రతిపదార్థం

లింకు = గొలుసులో నూరో వంతు, 7.92 అంగుళాలు; 500 లింకులు = ఐదు గొలుసులు, అనగా 330 అడుగులు; 200 లింకులు = రెండు గొలుసులు, అనగా 132 అడుగులు; సెంటు = ఎకరంలో నూరో వంతు, అనగా 48.4 చదరపు గజాలు; వెరసి = పొడవును వెడల్పుతో హెచ్చవేయగా; హద్దు = ఇరుగుపొరుగు ఒప్పుకున్నంత కాలం స్పష్టంగా కనిపించేది.

టీక

7.92 అనే అంకె చూసి పాఠకుడు జడవనక్కర్లేదు. దాని వెనక మంచి లెక్క ఉంది. లండన్ గ్రెషమ్ కాలేజీలో ఖగోళశాస్త్రం బోధించిన ఎడ్మండ్ గుంటర్ 1620లో ఈ గొలుసును రూపొందించాడు. పొడవు 66 అడుగులు, నూరు లింకులు. పది చదరపు గొలుసులు సరిగ్గా ఒక ఎకరం. కాబట్టి చదరపు లింకుల్లో వచ్చిన లబ్ధానికి చివరి ఐదు అంకెల ముందు చుక్క పెడితే ఎకరాలు వచ్చేస్తాయి. మూలంలో 500ను 200తో హెచ్చవేస్తే 1,00,000; చుక్క పెడితే 1.00. ఎకరానికి 43,560 చదరపు అడుగులన్న లెక్క గుర్తుపెట్టుకునే పని కరణానికి తప్పింది. పదులూ నూర్లూ మెట్రిక్ పద్ధతితోనే మన పొలాల్లోకి దిగాయనుకునేవారు ఈ చుక్కను గమనించాలి.

దృష్టాంతం కావాలంటే క్రికెట్ పిచ్ చూడవచ్చు. రెండు వికెట్ల మధ్య దూరం 22 గజాలు, అంటే ఒక గొలుసు.

ఇక మార్పిడి. అంగుళం 2.54 సెంటీమీటర్లు. కాబట్టి లింకు 20.1168 సెంటీమీటర్లు, గొలుసు 20.1168 మీటర్లు. మన పొలం పొడవు 100.584 మీటర్లు, వెడల్పు 40.2336 మీటర్లు, విస్తీర్ణం 4,046.86 చదరపు మీటర్లు. ఇక్కడితో టీక ముగిసిపోవాలి. పాఠాంతరం ముగియనివ్వదు.

పాఠాంతరం

మన దేశం తూనికలు, కొలతలకు మెట్రిక్ చట్టం 1956లో చేసుకుంది. గొలుసుకు కూడా మెట్రిక్ రూపం వచ్చింది: 20 మీటర్లు, నూరు లింకులు. లింకు సరిగ్గా 20 సెంటీమీటర్లు. పేరు మారలేదు, లింకుల సంఖ్య మారలేదు, కంటికి పొడవూ అదే. ఒక గొలుసుకు తేడా 11.68 సెంటీమీటర్లు మాత్రమే. ఈ పాఠం పట్టుకుంటే మన పొలం 100 మీటర్లు ఇంటూ 40 మీటర్లు, విస్తీర్ణం 4,000 చదరపు మీటర్లు. తగ్గింది 46.86 చదరపు మీటర్లు. గజాల్లో 56. సెంటుకు పైమాటే! మెట్ట పొలంలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. బైపాస్ రోడ్డు పక్కన పడితే పంచాయితీకి పెద్దమనుషుల్ని పిలవాల్సిందే.

ఆక్షేపం: లెక్కలకు ఫోను ఉండగా ఇంత వ్యాఖ్య దేనికి?

సమాధానం: ఫోను లింకును మీటర్లలోకి మారుస్తుంది. ఆ లింకు ఏ గొలుసుదో లేఖరి రాయలేదు కనుక ఫోనుకు తెలియదు.

ఆక్షేపం: అయితే తేలేదెలా?

సమాధానం: మూలంలోనే సాక్ష్యం ఉంది. 500, 200 లింకుల హెచ్చవేత సరిగ్గా ఎకరం కావాలంటే అది గుంటర్ లింకే కావాలి. మెట్రిక్ లింకైతే లేఖరి 98.8 సెంట్లని రాయాలి, లేదా 0.40 హెక్టారు అనాలి. "వెరసి" తర్వాతి మాట చదవకుండా లింకు జోలికి పోరాదని సిద్ధాంతం.

శాఖాభేదం

కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరి స్వస్థలంగా చెప్పే కొల్చారం మెదక్ జిల్లాలో ఉంది. అక్కడ ఈ లేఖరి సెంట్లు చెల్లవు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. పాత గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. ఒక చదరపు గొలుసు ఒక గుంట, అనగా 121 చదరపు గజాలు. ఆ గొలుసు 10.0584 మీటర్లు, గుంటర్ గొలుసులో సరిగ్గా సగం. అసలు చిక్కు చుక్క దగ్గర వస్తుంది. 2.20 అని రాస్తే ఆంధ్రలో రెండెకరాల ఇరవై సెంట్లు, 0.89 హెక్టారు. అదే రాత తెలంగాణలో రెండెకరాల ఇరవై గుంటలు, అనగా రెండున్నర ఎకరాలు, 1.01 హెక్టారు. అక్కడ అది దశాంశ బిందువే కాదు, ఎకరాలకూ గుంటలకూ మధ్య వేసిన గీత. ఇక నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి అంకణం 36. ఆ వివాదం వేరే గ్రంథానికి సరిపడా ఉంది.

విశేషాలు

గుంటర్ గొలుసుకు పది పది లింకులకొక ఇత్తడి బిళ్ళ ఉంటుంది. పదికి ఒక పన్ను, ఇరవైకి రెండు, ముప్ఫైకి మూడు, నలభైకి నాలుగు, యాభైకి గుండ్రని బిళ్ళ. రెండో సగంలో ఇవే తిరగబడి వస్తాయి. కాబట్టి నలభైకీ అరవైకీ నాలుగేసి పళ్ళే! గుండ్రని బిళ్ళ దాటామో లేదో చూడకుండా చదివితే ఇరవై లింకులు, అంటే నాలుగు మీటర్లు తారుమారు.

ఎండకు ఇనుము సాగుతుందన్న వాదమూ ఉంది. ఇరవై డిగ్రీల వేడి పెరిగితే గొలుసు సాగేది సుమారు 5 మిల్లీమీటర్లు. ఐదు గొలుసుల గట్టు మీద ఎండ చేసే తేడా రెండున్నర సెంటీమీటర్లు. పాఠాంతరం చేసేది 58 సెంటీమీటర్లు. కనుక ఎండను నిందించే ముందు పాత కొలతల పుస్తకం నకలు తీయించి, అందులో గొలుసు ఏదో చూసుకోవాలి.

తాత్పర్యం

వాగుకూ పెద్దగట్టుకూ, డొంకకూ సర్కారు బాటకూ నడుమనున్న ఆ మెట్ట గుంటర్ కొలతన 100.58 మీటర్ల పొడవు, 40.23 మీటర్ల వెడల్పు గలది. కొలతకూ హద్దులకూ పొత్తు కుదరకపోతే సాధారణంగా కోర్టులు హద్దుల వైపే మొగ్గుతాయి కనుక, మీటర్లు వచ్చాయని రాయి జరపనక్కర్లేదు. విస్తీర్ణం హెక్టార్లలో 0.4047. దీన్ని రెండు స్థానాలకు కుదించి 0.40 అని రాస్తే, గొలుసు విషయం తేల్చి నిలబెట్టుకున్న ఆ 56 గజాలూ మళ్ళీ పోతాయి. కాబట్టి గడి చిన్నదని గుమస్తా గొణిగినా నాలుగు స్థానాలూ రాయించుకోవాలి.