మనవణ్ని ఎత్తుకోడానికి ఇన్ని ప్రశ్నలా?

మా తాత రంగం వెళ్లినప్పుడు ఆయన దగ్గర పాస్‌పోర్టు లేదురా అబ్బాయ్. కాకినాడ రేవులో స్టీమరెక్కాడు. ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, మా నాయనమ్మ మూటగట్టిచ్చిన అటుకులు, బెల్లం. రంగూన్‌లో దిగి బియ్యం మిల్లులో గుమస్తాగా కుదిరాడు. ఎవరు నువ్వు, ఎందుకొచ్చావ్, ఎప్పుడు పోతావ్ అని నిలదీసినవాడు లేడు. బర్మా అప్పట్లో ఇండియా కిందే లెక్క. 1937లో విడదీసేదాకా ఉత్తరాంధ్ర నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వేలాది మంది అలాగే పోయొచ్చేవాళ్లు. కోరంగి రేవు పేరుమీద తెలుగువాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. జపాన్ బాంబులు పడ్డాక 1942లో కొండలూ అడవులూ దాటి నడిచొచ్చినవాళ్లలో మా తాతా ఒకడు. ఆ కథ ఇప్పుడెత్తుకుంటే తెల్లారిపోతుంది. నే చెప్పేదేమిటంటే, సముద్రం దాటి వేరే దేశంలో దిగడం అప్పుడు కష్టమేగానీ అవమానం కాదు.

ఇంగ్లండు సంగతి తీసుకో. 1962లో చట్టం తెచ్చి తలుపు సగం వేసేదాకా, మనదేశపు పాస్‌పోర్టు ఉన్నవాడు లండన్‌లో దిగి కాపురం పెట్టుకోవచ్చు. ఇవాళ రెండు వారాలు చూసొద్దామన్నా బ్యాంకు కాగితాలూ, ఇంటి పన్ను రసీదులూ, ఎక్కడ ఏ రాత్రి పడుకుంటావో ఆ వివరమూ, అన్నీ దొంతరగా పెట్టుకోవాలి. మీ తరానికి ఇదంతా మామూలే. ఫోన్లో నొక్కుతారు, అప్‌లోడంటారు, స్లాటంటారు. అడిగేవాడు అడుగుతున్నాడని మీకు కోపం కూడా రాదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఆ రోజుల్లో అన్నీ సవ్యంగా ఉండేవని నేననను. మన సర్కారే పాస్‌పోర్టు ఇవ్వడానికి మూడు చెరువుల నీళ్లు తాగించేది. విదేశాలకు వెళ్లడం మనిషి స్వేచ్ఛలో భాగమనీ, పాస్‌పోర్టు ఇవ్వడం, మానడం అధికారి ఇష్టాయిష్టాలకు వదిలేది కాదనీ 1967లో సుప్రీంకోర్టు సత్వంత్ సింగ్ కేసులో తీర్పు చెబితేనే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఆ తరవాత కూడా పీ-ఫారం అని ఒక కాగితం ఉండేది, అదిలేందే ప్రయాణం సాగేది కాదు. జేబులో ఎనిమిది డాలర్లతో అమెరికాలో దిగామని చెప్పే డాక్టర్లూ ఇంజనీర్లూ మా తరంలో బోలెడుమంది. వెళ్లగలిగినవాళ్లే కొద్దిమంది, అదీ నిజమే. కానీ వెళ్లినవాణ్ని ఎదురుగా కూర్చున్న మనిషి మనిషిగా చూశాడు. మాట అడిగితే మాట విన్నాడు. ఇవాళ లేనిది అదే.

మా పెద్దాడు అమెరికాలో ఉద్యోగంలో కుదురుకున్నాక, తొంభైల్లో, నేనూ మా ఆవిడా వీసాకని మద్రాసు వెళ్లాం. హైదరాబాదుకు అమెరికా కాన్సులేటు 2008లోగానీ రాలేదు. అంతదాకా తెలుగువాడెవడైనా మద్రాసులో జెమినీ ఫ్లైఓవర్ దగ్గరి కాన్సులేటు ముందు లైన్లో నిలబడాల్సిందే. సర్కార్ ఎక్స్‌ప్రెస్ దిగి, మాంబళంలో తెలిసినవాళ్లింట్లో స్నానాలు చేసి, చీకటుండగానే ఫుట్‌పాత్ మీదికి చేరాం. ముందు నెల్లూరాయన, వెనక గుంటూరు అమ్మాయి. మా ఆవిడ డబ్బాలోంచి ఇడ్లీ తీసి ఆ అమ్మాయికి పెట్టింది. లోపల కిటికీ దగ్గర ఒక కుర్రాడు, మా చిన్నాడి వయసువాడు, ఎప్పుడు తిరిగొస్తారని అడిగాడు. సంక్రాంతికి ఇంట్లో ఉండాలన్నాను. సంక్రాంతి అంటే ఏమిటన్నాడు. చెప్పాను: పంట ఇంటికొస్తుంది, కూతుళ్లూ అల్లుళ్లూ వస్తారు, ఆ మూడ్రోజులు ఇంటిపెద్ద ఊళ్లో లేకపోతే పరువుండదు అని. శ్రద్ధగా విన్నాడు. సాయంత్రం వచ్చి పాస్‌పోర్టులు తీసుకెళ్లండన్నాడు. బ్యాంకు కాగితాల సంచీ ముడి విప్పనే లేదు.

అక్కడ దిగాక కూడా అంతే. ఐ-94 అని తెల్ల కార్డొకటి విమానంలోనే నింపాం. కౌంటర్లో పెద్దాయన దానిమీద ముద్ర కొట్టి, ఎన్నాళ్లుండొచ్చో ఆ తేదీ చేత్తో రాసి, పాస్‌పోర్టుకు పిన్ను కొట్టి ఇచ్చాడు. మొదటిసారా, చలికి కోటు తెచ్చుకున్నారా అని అడిగాడు. ఆ చేతిరాత నాకిప్పటికీ గుర్తుంది, ఏడంకెకు అడ్డగీత పెట్టేవాడు.

2001 సెప్టెంబరు తరవాత అన్నీ మారాయి. దాదాపు మూడు వేల ప్రాణాలు పోయాయి, ఆ దేశం భయపడింది. భయపడ్డవాడు తలుపులకు గడియలు బిగించుకుంటాడు, దాన్ని నేను తప్పుపట్టను. 2004 నుంచి చూపుడువేళ్లు రెండూ, ఫొటో అన్నారు. తరవాత పది వేళ్లూ అన్నారు. అక్కడితో మా కష్టాలు మొదలయ్యాయి.

మా ఆవిడ వేళ్ల మీద గీతలు లేవు నాయనా. నలభై ఏళ్లకు పైగా చింతపండు పిసికిన వేళ్లు, బూడిదతో గిన్నెలు తోమిన వేళ్లు, రుబ్బురోలు తిప్పిన వేళ్లు. తరవాతోసారి మనవణ్ని చూడ్డానికి వెళ్లినప్పుడు, అక్కడి విమానాశ్రయంలో ఆకుపచ్చ వెలుగున్న అద్దం మీద కుడిచేతి నాలుగు వేళ్లూ పెట్టమన్నారు. పెట్టింది. మళ్లీ అన్నారు. గట్టిగా నొక్కమన్నారు. సీసాలోంచి ఏదో జెల్లు చేతిలో పోసి రుద్దుకోమన్నారు. రుద్దుకుని పెట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. కౌంటరు వెనకున్న మనిషి లేచి, ఆవిడ మణికట్టు పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటీ అద్దానికేసి అదిమాడు. పరాయి మగవాడు అలా చెయ్యి పట్టుకుంటే డెబ్భై దాటిన మనిషి ముఖం ఎలా అయిపోయిందో నేను చూశాను. అతనికి దురుద్దేశం లేదు, నాకు తెలుసు. కానీ పట్టుకునే ముందు ఒక్కమాట అడగొచ్చు కదా?

చివరికి మా పాస్‌పోర్టులు రెండూ ఒక ఫోల్డరులో పెట్టి, పక్కగదిలోకి పొమ్మన్నారు. ఊరి పేరు రాయను, ఏ ఊరైనా ఆ గది ఒకలాగే ఉంటుందని చాలామంది చెప్పారు. వరసగా కుర్చీలు, గోడమీద ఫోన్లు వాడకూడదన్న బోర్డు, ఎత్తుగా ఒక బల్ల. బయట మా వాడు పూలు పట్టుకుని నిలబడి ఉంటాడు, విమానం ఎప్పుడో దిగిందని బోర్డు మీద పడి ఉంటుంది, మేం ఏమయ్యామో వాడికి తెలియదు. వాడికి చెప్పడానికి మాకు దారి లేదు. మా ఆవిడ మాత్ర వేసుకునే వేళ దాటిపోతోంది. మంచినీళ్లు అడగాలంటే లేచి బల్లదాకా వెళ్లాలి, వెళితే కూర్చోమంటారు. పిలిచింది కూడా ఇంటిపేరుతో, అదీ వాళ్ల నోట పడి నలిగిపోయిన ఇంటిపేరుతో. మమ్మల్నే పిలుస్తున్నారని తెలియడానికి కాస్త సేపు పట్టింది.

అక్కడ అడిగిన ప్రశ్న వినరా. "ఎందుకొచ్చావమ్మా?" మనవణ్ని చూడ్డానికి. "పిల్లవాణ్ని ఎవరు చూసుకుంటారు?" నేనేనండీ, కోడలు ఉద్యోగానికెళ్తుంది కదా. అయిపోయింది. ఆ ఒక్క జవాబు పట్టుకుని ఆయా పనికి వచ్చావా, జీతం ఎంతిస్తారు, పోయినసారి ఎన్నాళ్లున్నావు, అప్పుడూ ఇదే పని చేశావా అని తిప్పి తిప్పి అడిగారు. మనవడికి స్నానం చేయించి సాంబ్రాణి పొగ వేయడం ఉద్యోగమట! మా ఇళ్లల్లో పురుటికి పుట్టింటివాళ్లు, ఆ తరవాత అత్తింటివాళ్లు ఆరేసి నెలలుంటారని, దానికి జీతం ఇస్తానంటే కొట్టినంత పని చేస్తారని ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఎవరు చెప్పాలి? నేను చెప్పబోయాను. నిన్నడిగినప్పుడు నువ్వు మాట్లాడు అన్నాడు. ముప్ఫై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పినవాణ్ని, నోరు మూసుకుని కూర్చున్నాను. చివరికి ముద్ర కొట్టి పంపారు. ఎందుకు ఆపారో చెప్పలేదు, క్షమించమనీ అనలేదు.

కస్టమ్స్‌లో కరివేపాకు తీసేశారు. అందులో వాళ్ల తప్పు లేదు. కరివేపాకు నిమ్మజాతి చెట్టు, దానిమీద చేరే పురుగు వాళ్ల నారింజ తోటలను పాడుచేస్తుంది, అందుకే నిషేధం. మేం ఫారంలో రాసే చూపించాం. ఆవకాయ, సున్నుండలు వదిలేశారు. అక్కడున్న అమ్మాయి చేతికి గ్లవుజులు వేసుకుని, ఇది ఎందుకు కుదరదో నిమిషంసేపు చెప్పి, ఆ తరవాతే డబ్బాలో వేసింది. పని గట్టిగా చేస్తూ కూడా మర్యాదగా చెయ్యొచ్చని అక్కడే రుజువైంది. మరి పక్కగదిలో ఎందుకు కుదరదు?

ముసలాడి చాదస్తం అనుకుంటావేమో. న్యూయార్కులో విమానమెక్కి కూర్చున్న అబ్దుల్ కలాం గారి కోటూ బూట్లూ 2011లో అడిగి పట్టుకెళ్లి తనిఖీ చేశారు, తరవాత ఆ ప్రభుత్వం విచారం చెప్పుకుంది. అదే ఏడు కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడితే, మోసపోయిన మన పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. ఫార్మింగ్టన్ అని అమెరికా సర్కారే ఒక ఉత్తుత్తి యూనివర్సిటీ నడిపి, 2019లో అందులో చేరినవాళ్లను అరెస్టు చేసింది, చాలామంది తెలుగు పిల్లలే. వాళ్లలో తెలిసి చేరినవాళ్లు లేరని నేననను. 2025 ఫిబ్రవరిలో సైనిక విమానంలో అమృత్‌సర్‌కు మనవాళ్లను 104 మందిని చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులు వేసి తెచ్చి దింపారు. దొంగదారిన వెళ్లడం తప్పే, వెనక్కి పంపే హక్కు వాళ్లకుంది. గొలుసులెందుకు? వాళ్లెవర్నైనా చంపారా?

అమెరికా ఒక్కటేనా, మా కోనసీమ ఆడవాళ్లను అడుగు. కడప వాళ్లను అడుగు. పది పాసవలేదు కాబట్టి పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే పనికి వెళ్లాలంటే సర్కారు అనుమతి కావాలన్న ముద్ర. ముప్ఫై నిండని ఆడమనిషికి ఇంటిపనికి గల్ఫ్ వెళ్లడానికి అనుమతి ఇవ్వరు. అప్పు తరుముతుంటే ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెట్టి, మన విమానాశ్రయంలోనే ఎవణ్నో మంచి చేసుకుని దాటిస్తాడు. దానికి పుషింగని పేరు. కువైట్లో దిగగానే పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి పోతుంది. తిండి పెట్టక, జీతమివ్వక కొడితే పారిపోతుంది. ఇక ఆమె కల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి. ఎంబసీ ఇచ్చే అవుట్‌పాసు కోసం, ఆమ్నెస్టీ కోసం ఎదురుచూపులు, ఆఖరికి వేలిముద్రలు వేయించుకుని ఇంటికి. ఆవిడకు సరిహద్దు ఇటూ పడగొట్టింది, అటూ పడగొట్టింది. నా పక్కగది బాధ ఆవిడ బాధ ముందు ఎంత? కానీ రెండూ ఒక రోగమేనని నా నమ్మకం. కాగితాన్ని చూస్తారు, మనిషిని చూడరు.

ఇప్పుడు ఇంకో అడుగు ముందుకేశారు. 2019 నుంచి అమెరికా వీసా ఫారంలో ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాలు రాయాలి. 2025లో విద్యార్థులను ఆ ఖాతాలు అందరికీ కనబడేట్టు తెరిచి పెట్టమన్నారు. 79 దాటినవాళ్లకు ఇంటర్వ్యూ అక్కర్లేదన్న వెసులుబాటు కూడా అదే ఏడు సెప్టెంబరు నుంచి తీసేశారు. ఎనభై ఏళ్ల మనిషిని హైదరాబాదు దాకా రప్పించి నిలబెట్టి ఏం కనిపెడతారో నాకు బోధపడదు. యూరప్‌లోనూ 2025 అక్టోబరు నుంచి పాస్‌పోర్టు మీద ముద్రకు బదులు ముఖం ఫొటో, వేలిముద్రలు మొదలుపెట్టారు. ఏడంకెకు అడ్డగీత పెట్టే పెద్దాయనలు ఇక ఉండరు.

మీరేమో అమ్మకు వీల్‌చెయిర్ బుక్ చేశాం, లాంజ్ పాస్ ఇచ్చాం, ఇంకేం కావాలి అంటారు. ఆవిడకు కావలసింది వీల్‌చెయిర్ కాదురా. అమ్మానాన్నల్ని పిలిపించుకుంటే వీలైతే వచ్చేపోయే తెలుగువాళ్లెవరికైనా తోడిచ్చి పంపు. నీ చిరునామా, ఫోన్ నంబరు, తిరుగు టికెట్టు వివరం కాగితం మీద పెద్దక్షరాలతో రాసి జేబులో పెట్టు, ఆ గదిలో ఫోన్ వాడనివ్వరు. మాత్రలు పెట్టెలో కాకుండా చేతిసంచీలో ఉంచు. ఇంగ్లీషు రాకపోతే తెలుగు దుభాషిని అడగమని ముందే చెప్పు. పిల్లవాణ్ని ఎవరు చూసుకుంటారని అడిగితే తల్లీతండ్రీ చూసుకుంటారు, మేం చూసి పోదామని వచ్చామని చెప్పమను. చెప్పడమే కాదు, ఆ మాట నిజం చెయ్యి. మీ అమ్మను ఆయాను చెయ్యకు.