చన్నీళ్ల మెషీనుకు వేడి వేడి చిట్కాలు

మీ ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీను 60 డిగ్రీల మీద పెట్టినా, అరగంట తర్వాత తలుపు అద్దం ముట్టుకుంటే చల్లగానే ఉంటోందా? లేక స్క్రీన్ మీద ‘టీఈ’ అని చూపించి, బట్టలు నానబెట్టి ఊరుకుందా? కంగారు పడకండి. మాన్యువల్ కోసం వెతక్కండి కూడా. వెతికితే పాత గ్యాస్ రసీదులు, ఎవరిదో శుభలేఖ దొరుకుతాయి తప్ప అది దొరకదు.

ముందు మెషీను నెత్తిన ఒక్కటి వెయ్యండి. దూరదర్శన్ రోజుల్లో టీవీకి పనిచేసిన వైద్యం దీనికెందుకు పనిచెయ్యదు? వదులైన కనెక్టర్ ఆ దెబ్బకి ఒక్కోసారి సర్దుకుని, మెషీను నిజంగానే నడిచేస్తుంది. దెబ్బే మందని తేలిపోయినట్టే. వచ్చే వారం మళ్లీ ఆగితే ఇంకాస్త గట్టిగా కొట్టండి. అప్పటికీ దారికి రాకపోతే స్టెబిలైజర్ కొనండి. ఎందుకని అడక్కండి.

ఆ టీఈ చెప్పేది వేడి కొలిచే సెన్సర్ సంగతంటారా? డ్రమ్ము అడుగున, హీటర్ పక్కనే, వేలెడంత కూడా లేని ముక్క ఒకటుంటుంది. థర్మిస్టర్ అంటారు. నీళ్లు వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి బోర్డు హీటర్‌ని ఆపుతుంది. అంత పెద్ద మెషీను అంత చిన్న ముక్క మాట వినడమేంటి, నామోషీ కాదూ? కాబట్టి నేరుగా మెయిన్ బోర్డే మార్పించండి. ‘సెన్సర్ మార్చాం’ అంటే చుట్టాల్లో ఎవరూ పట్టించుకోరు. ‘బోర్డు పోయిందండీ’ అంటే కుర్చీ లాక్కుని మరీ వింటారు. పాత సెన్సరే ఉంది గనక కొత్త బోర్డు కూడా టీఈ అనే అంటుంది. అప్పుడు హీటర్ మార్పించండి.

ఈలోగా మీ బావమరిది మల్టీమీటర్ పట్టుకుని దిగుతాడు. ‘ముందు ప్లగ్గు తీద్దాం బావా’ అంటాడు పిరికివాడు. కనెక్టర్ ఊడదీసి సెన్సర్ రెండు పిన్నుల మధ్య కొలవాలట. చల్లగా ఉన్నప్పుడు వేల ఓమ్‌లలో చూపించి, వేణ్నీళ్లలో ముంచగానే అంకె తాపీగా దిగుతూ పోతే సెన్సర్ మంచిదట. అంకె కదలకపోయినా, సున్నా చూపించినా, మీటర్ అసలేమీ చూపించకపోయినా దాని పనైపోయినట్టట. మంచిదని తేలితే అప్పుడు వైరు పొడవునా చూసుకుంటూ వెళ్లాలట. మొత్తం కలిపి కాసేపట్లో తేలిపోయే పని. అందుకే ఒప్పుకోవద్దు. కాసేపట్లో తేలిపోతే మిగతా ఆదివారమంతా ఏం చేస్తారు? వాడికి కాఫీ ఇప్పించి, హాల్లో కూర్చోబెట్టి, పిల్లల చదువుల గురించి అడగండి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకో గొడవుంది. హీటర్‌కీ సెన్సర్‌కీ తెల్లటి పెచ్చు కట్టి, నీళ్లు ఎంత వేడెక్కాయో సెన్సర్‌కి ఆలస్యంగా తెలుస్తుంది. నిమ్మ ఉప్పు వేసి, వేణ్నీళ్ల మీద ఖాళీ మెషీను ఒకసారి తిప్పితే చాలావరకు కరుగుతుంది. కానీ బట్టల్లేకుండా మెషీను తిప్పడాన్ని మీ అమ్మగారి ముందు సమర్థించుకోగలరా? ఆ పెచ్చు అలాగే ఉండనివ్వండి.

అన్నిటికన్నా గొప్ప చిట్కా, సెన్సర్ పీకేసి ఆ చోట ఒక మామూలు రెసిస్టర్ అతికించడం. టీఈ మాయం! నీళ్లు ఎంత కాగినా బోర్డు లెక్కలో అవి చన్నీళ్లే. దాదాపు 2 వేల వాట్ల హీటర్‌ని ఆపమనేవాడుండడు. బోర్డులో టైమర్ లాంటిదేదైనా ఉండి అడ్డుపడితే సరే, లేకపోతే అది కాస్తూనే ఉంటుంది. 40 డిగ్రీలకి వేసిన మీ కాటన్ కుర్తా మీ మనవడికి సరిపోతుంది. తలుపు రబ్బరు గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

చివరికి ఎలాగూ మెకానిక్ వస్తాడు. వెనక రేకు విప్పి, ఎలుక కొరికిన సెన్సర్ వైరు చూపిస్తాడు. మా ఇంట్లో ఎలుకల్లేవని గట్టిగా వాదించండి. అతను చుట్టూ ఉన్న పెంటికలు కూడా చూపిస్తే అవి బల్లివనండి. ‘రెండు తీగలు కలిపి టేపు చుట్టడానికి ఇంతా బాబూ?’ అని బేరం మొదలుపెట్టండి. బోర్డు, హీటర్, స్టెబిలైజర్ బిల్లులు మాత్రం అతని కంటపడకుండా చూసుకోండి, రేటు పెంచేస్తాడు.