వాడింది ఏడు గంటలు

పాత వస్తువు అమ్మేటప్పుడు దాని మంచితో పాటు చెడు కూడా ముందే మనమే చెప్పేయాలి. కొనేవాడి అనుమానం సగం అక్కడే తీరిపోతుంది. 2022 వేసవిలో విజయవాడలో మా మాస్టారి ఇంట్లో ఉన్న ఆక్సిజన్ కాన్సెంట్రేటర్‌ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు నేను అదే పాటించాను.

మెషీన్‌ని కిటికీ దగ్గరికి జరిపి పగటి వెలుతురులో ఫొటోలు తీశాను. ముందు, వెనక, ఫిల్టరు, సీరియల్ నంబరున్న స్టిక్కరు, చక్రం దగ్గర పడిన గీత, ఏదీ వదల్లేదు. అన్నిటికన్నా ముఖ్యం గంటల మీటరు. పాత బండి కొనేవాళ్లు కిలోమీటర్ల రీడింగు చూసినట్టు, ఇలాంటి మెషీన్ కొనేవాళ్లు ముందు చూసేది దాన్నే. అది 6 దగ్గర ఆగి ఉంది.

"ఊరికే పడి ఉంటే పాడవుతుందేమిట్రా?" అన్నారు మాస్టారు.

అవుతుంది. గాలిలోని నైట్రోజన్‌ని పట్టి ఉంచే జియోలైట్ గుళికలు లోపల ఉంటాయి. చాలాకాలం వాడకపోతే అవి తేమ పీల్చుకుంటాయి. మోటారు బాగానే తిరుగుతుంది గానీ ఆక్సిజన్ శాతం పడిపోతుంది. అందుకని టెక్నీషియన్‌ని పిలిచి, గంటసేపు నడిపించి కొలిపించాం. 92 శాతం వచ్చింది. ఇంకేం కావాలి!

"బిల్లు ఏదండీ?" అనడిగాను.

"ఇవ్వలేదురా."

కొన్నది 2021 మే నెలలో, కరోనా రోజుల్లో. మాస్టారి భార్యకి ఆస్పత్రిలో మంచం దొరకలేదు. ఫోన్లోనే బేరం, డబ్బు ముందే పంపాలి. లక్షా పదివేలు పోస్తే ఎవరో కుర్రాడు ఆటోలో తెచ్చి దింపిపోయాడు. ఈ మెషీన్ల మీద లాభం, డిస్ట్రిబ్యూటరు ధరకి 70 శాతం మించకూడదని కేంద్రం కట్టడి చేసింది జూన్ 3న. అప్పటికే ఆవిడ లేరు.

ప్రకటనలో ఉన్నది ఉన్నట్టు రాశాను: "5 లీటర్లది. వాడింది 7 గంటలు, అందులో ఒకటి పరీక్షకి. ఆక్సిజన్ 92 శాతం. చక్రం దగ్గర గీత ఉంది. బిల్లు లేదు. ధర 30 వేలు."

మొదటి ఫోన్ మిలటరీలో పనిచేస్తున్నానన్నవాడిది. వస్తువు చూడక్కర్లేదట, క్యూఆర్ కోడ్ పంపిస్తాడట, స్కాన్ చేసి పిన్ కొడితే మాస్టారికి డబ్బు పడుతుందట. పిన్ కావాల్సింది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదని నేను ముందే చెప్పి ఉంచాను. ఖర్మకాలి పోతే క్షణం ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలని కూడా. మాస్టారు మాట్లాడకుండా పెట్టేశారు.

రెండో ఫోన్ మధ్యాహ్నం వచ్చింది. స్క్రీన్ మీద పేరు చూసి మాస్టారు ఎత్తలేదు. ఆగిపోయి మళ్లీ మోగింది. అప్పుడు ఎత్తారు. అవతలాయన తల్లికి ఊపిరితిత్తుల జబ్బు. రోజుకి పదిహేను గంటలు ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టమన్నారట డాక్టర్లు. రేపు వస్తానన్నాడు.

"రేపటిదాకా ఎందుకు బాబూ? ఇప్పుడే రండి" అన్నారు మాస్టారు.

ఈలోగా ఇంకొకాయన ఫోన్ చేసి ముప్ఫై అయిదు ఇస్తానన్నాడు. "ఒకరికి మాటిచ్చేశానండీ" అనేశారు.

వచ్చినాయన పని తెలిసినవాడే. మెషీన్‌ని అరగంట నడిపించి చూశాడు, చప్పుడు విన్నాడు, ఫిల్టరు తీసి చూశాడు. మీటరు దగ్గర ఆగాడు.

"ఏడు గంటలేనా! ఎందుకు వాడలేదండీ?"

"ఆలస్యంగా వచ్చింది బాబూ. ఇవాళే పంపిస్తామని డబ్బు తీసుకున్నారు. ఎవరో ఎక్కువ ఇస్తామంటున్నారని రెండు రోజులు ఆపి, ఇంకో ఇరవై వేలు అడిగారు. అదీ పంపాను. మెషీన్ వచ్చాక ఆరు గంటలే ఉంది మా ఆవిడ."

"ఆ రోజులే అలాంటివిలెండి" అన్నాడాయన, ఫిల్టరు తిరిగి బిగిస్తూ. తర్వాత బేరానికి దిగాడు. బిల్లు లేదు కాబట్టి మూడు వేలు తగ్గించమన్నాడు. నేను కాదనబోయాను. మాస్టారు సరేనన్నారు. డబ్బు పంపినట్టు ఆయన స్క్రీన్ చూపించాడు. అలాంటివి నకిలీవి కూడా తయారవుతున్నాయి కనుక, మాస్టారి ఖాతాలో 27 వేలు పడ్డాయో లేదో చూశాకే తలూపాను.

మెషీన్ కారెక్కించాం. మాస్టారు లోపలికెళ్లి, విప్పని ముక్కు గొట్టాల ప్యాకెట్టొకటి తెచ్చి ఊరికే ఇచ్చారు. "అమ్మగారికి ఈ పూటే మొదలుపెట్టండి" అన్నారు.

ఆ మంచితనానికి ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలనిపించిందేమో, ఆయన కారు తలుపు దగ్గర ఆగాడు.

"ఒక్క మాట మాస్టారూ. ఇంత ఖరీదైన వస్తువు బిల్లు లేకుండా ఎప్పుడూ కొనకండి. గట్టిగా అడగాల్సింది."

"అడిగాను బాబూ" అన్నారు మాస్టారు. "'బిల్లూ గిల్లూ ఉండవు, కావాలంటే తీసుకోండి, లేకపోతే నా దగ్గర పదిమంది లైన్లో ఉన్నారు' అన్నారు మీరే."