అధ్యక్షా, ఆ ఎదుటి బెంచీల సంగతేమిటి?

మహారాజశ్రీ శాసనసభాపతి పీఠం వారి దివ్యసముఖమునకు,

ఓటరు జాబితాలో పేరున్న ఒకడు రాసుకొను విన్నపం. మనుషులకు కాదు, కుర్చీకే రాస్తున్నాను. కూర్చునేవారు మారినా అలవాట్లు మారడం లేదు.

తమరి లెక్కల ప్రావీణ్యానికి ముందుగా నమస్కారం. 2018 చివర తెలంగాణలో కాంగ్రెస్ గుర్తుపై 19 మంది గెలిచారు. మరుసటి ఏడు ఒకరు ఎంపీ అయి రాజీనామా ఇచ్చారు. మిగిలింది 18. ఆ వెంటనే 12 మంది మేం అధికార పక్షంలో విలీనమన్నారు. విలీనానికి కావలసిన మూడింట రెండొంతులు పద్దెనిమిదిలో సరిగ్గా పన్నెండే కదా! 2019 జూన్‌లోనే తమరు తథాస్తు అన్నారు. అంతకుముందు ఆంధ్రలో వైసీపీ నుంచి గెలిచిన 23 మంది టీడీపీ కండువా కప్పుకుంటే, వారిలో నలుగురు మంత్రులు కూడా అయితే, సభ గడువు తీరేదాకా అనర్హత ఫిర్యాదులు తేలనే లేదు. కలపడానికి అంత తొందర, తీసెయ్యడానికి ఇంత తీరిక!

ఇక 2024. ఆంధ్రలో 175 స్థానాలకు వైసీపీకి వచ్చినవి 11. ఓట్లు మాత్రం నూటికి దాదాపు 39. పదో వంతు సీట్లు లేవు గనక ప్రతిపక్ష హోదా లేదన్నారు. పార్లమెంటు ప్రతిపక్ష నేతల కోసం 1977లో చేసిన చట్టంలో పదో వంతు ఊసే లేదు. ప్రతిపక్షాల్లో పెద్ద పార్టీ అయి, సభాపతి గుర్తిస్తే చాలంది. ఢిల్లీలో 2015లో 70 మందికి ముగ్గురున్న బీజేపీకి హోదా ఇచ్చారు. సభేమీ కూలిపోలేదు.

అలాగని ఆ పదకొండుగురినీ వెనకేసుకు రాను. హోదా ఇస్తేనే సభకు వస్తామని అలకపాన్పు ఎక్కడానికి వారేమీ కొత్త అల్లుళ్లు కారు. 1955లో 196 మంది ఉన్న ఆంధ్ర శాసనసభలో కమ్యూనిస్టులు 15 మందే. పుచ్చలపల్లి సుందరయ్య వారిలో ఒకరు. అంకె చిన్నదని ఇంట్లో కూర్చోలేదు.

ప్రతిపక్షం ఖరీదు ప్రశ్నోత్తరాల వేళ తెలుస్తుంది. మా మండలం ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్నది వాస్తవమేనా అని అడిగితే, మంత్రిగారి కాగితం ఇలా ఉంటుంది: (అ) లేదండీ. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. అప్పుడు లేచి అనుబంధ ప్రశ్న వేసేవాడు కావాలి. సొంత పార్టీ సభ్యుడు లేస్తే మంత్రిగారికి ధన్యవాదాలు చెప్పి కూర్చుంటాడు. ఆయన్ని తప్పు పట్టను; వచ్చేసారి టికెట్టు కావాలి కదా.

కాబట్టి ప్రార్థించేదేమంటే, హోదా ఇచ్చి వారి సాకు ఊడబెరకండి. ఫిరాయింపు ఫైలు ఎవరిదైనా మూడు నెలల్లో తేల్చండి. ఈ విన్నపానికి కూడా ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అనే జవాబిస్తే, అనుబంధ ప్రశ్న ఎవరిచేత అడిగించుకోవాలో దాని కిందనే రాయించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఓడిన పార్టీకి ఓటేసిన ఒకడు